చెక్క బోర్డుకి ఏ ఫాంట్ పెట్టాలని అడిగావు కదా, అల్లుడూ

అల్లుడూ,

రౌటర్ మిషన్‌తో చెక్కడానికి నువ్వు పంపిన పేరు బోర్డు డిజైన్ చూశాను. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది, కానీ ఆ ఫాంట్ చెక్కలో నిలబడదు. అందం సంగతి తర్వాత, ముందు అక్షరాల్లో అన్నిటికంటే సన్నటి గీత ఎన్ని మిల్లీమీటర్లుందో, రెండు గీతల మధ్య అన్నిటికంటే ఇరుకు సందు ఎంతుందో కొలువు. గీత బిట్‌కి, అంటే మిషన్‌లో తిరుగుతూ చెక్కను కోసే మొనకి, చోటివ్వాలి, సందులో మిగిలే చెక్క విరగకుండా నిలవాలి.

అడుగు చదునుగా చెక్కే ఎండ్ మిల్ 3 మి.మీ.ది అయితే 2.5 మి.మీ. గీతలోకి దూరదు, చాలా సాఫ్ట్‌వేర్లు ఆ గీతను అలా వదిలేసి ముందుకెళ్లిపోతాయి. లోపలి మూలలు కూడా ఎంత లేదన్నా 1.5 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగానే వస్తాయి. కాబట్టి ఈ బిట్‌కి గీత మందం ఒకేలా ఉండి, చివర్లు గుండ్రంగా ఉండే ఫాంట్ తీసుకో.

మొన V ఆకారంలో ఉండే వీ బిట్ లెక్క వేరు. అక్కడ గీత వెడల్పుని బట్టే లోతు: 90 డిగ్రీల బిట్ అయితే 12 మి.మీ. గీత 6 మి.మీ. లోతు దిగుతుంది, అదే గీత 60 డిగ్రీల బిట్‌తో 10 మి.మీ. పైనే దిగుతుంది. రామభద్ర లాంటి లావు ఫాంట్ పెద్ద సైజులో పెట్టి 18 మి.మీ. పలక మీద 60 డిగ్రీల బిట్ నడిపితే అవతలి వైపుకి పొడిచేస్తుంది, లోతుకి హద్దు పెట్టి అడుగు ఎండ్ మిల్‌తో చదును చేయాల్సి వస్తుంది. మరీ సన్నటి గీతలైతే లోతే రాదు, కాస్త సాండింగ్ పడగానే మాయం. నన్నడిగితే మధ్యస్థ మందంలో, సన్నం లావుల తేడా కొంచెమే ఉన్న ఫాంటే వీ బిట్‌కి బాగుంటుంది. ఇంగ్లిష్‌లో ట్రాజన్ తరహా అక్షరాలు అందుకే ఇంత బాగా కుదురుతాయి, అవి రాతిలో ఉలితో చెక్కిన రోమన్ అక్షరాల నుంచి వచ్చినవే. బొడోనీ లాంటివి మాత్రం వద్దు, వెంట్రుకంత గీతలు.

తెలుగు దగ్గరే అసలు టెన్షన్. ప, ష, స, హ లకు తలకట్టు ఒంటికి అంటుకోదు, ఆ సందులో మిగిలేది పలుచటి చెక్క గోడ. నార అడ్డం పడితే మెత్తటి పైన్‌లో అది పేళ్లుగా లేచిపోతుంది. సున్న మధ్యలో, ఒత్తుల మధ్యలో మిగిలే చిన్న ముక్కలకీ ఇదే గతి. ఇంకోటి, ద కీ ధ కీ తేడా కింది చిన్న గీతే, అది పోతే పేరే మారిపోతుంది. అందుకని నోటో సాన్స్ తెలుగు లాంటి తేట ఫాంట్‌తో మొదలుపెట్టు, అక్షరాల మధ్య ఎడం మామూలు కంటే కొంచెం పెంచు, ఒత్తు పక్క అక్షరానికి తగలకుండా చూడు.

సైజుకి ఒక మోటు లెక్క ఉంది, 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు. తెలుగులో ఆ అంగుళం అక్షరం ఒంటిదే అనుకో, గుడులూ ఒత్తులూ కలిపి కొలిస్తే దూరం నుంచి ఎవరూ చదవలేరు.

రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెలుగు టైప్ చేయకు, చాలావాటిలో ఒత్తులు విడిపోతాయి. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, పాత్‌గా, అంటే ఉత్త గీతల బొమ్మగా మార్చి, ఒకదాని మీద ఒకటి పడ్డ ముక్కల్ని యూనియన్ కొట్టి ఒకటిగా కలిపి, ఎస్‌వీజీ ఫైలుగా పంపు. యూనియన్ మర్చిపోతే కలిసిన చోట అడ్డగీతలు చెక్కి పెడుతుంది, రాతఫాంట్లలో ఇది మరీ ఎక్కువ.

బోర్డు ఎక్కించే ముందు డిజైన్ అసలు సైజులో ప్రింట్ తీసి గోడకి అంటించి దూరం నుంచి చూడు. ఆ తర్వాత అదే చెక్క తుండు మీద మొత్తం పేరు కాకుండా, అందులో అన్నిటికంటే చిక్కు అక్షరం ఒక్కటే కొట్టి నాకు ఫోటో పంపు, పక్కన స్కేలు పెట్టి తియ్యి.

మీ మావయ్య