ఈకోలో మడత అరలు: అరల కంటే ముందు గడియ సంగతి, జాలీ సంగతి చూడండి

మీరు అడిగింది ఇదీ: ఈ మధ్యే మారుతి ఈకో కార్గో వ్యాను కొన్నారు, ఏసీల సర్వీసు, ఫిట్టింగ్ పని. సామానంతా నేల మీదే పోగుపడుతోంది. వెనకాల మడత పెట్టే అరలు ఆన్‌లైన్‌లో కొనాలా, వెల్డింగ్ షాపులో చేయించుకోవాలా అని.

చేయించుకోండి. ఆన్‌లైన్‌లో దొరికే గుడ్డ సంచులు, ప్లాస్టిక్ అరలు ఇంటి కారు డిక్కీలో కూరగాయలకీ పిల్లల బ్యాగులకీ సరిపోతాయి. వాక్యూమ్ పంపు, బ్లోయర్, జెట్ పంపు మోసే బండికి అవి ఒక్క సీజన్ కూడా ఆగవు. నేను విజయవాడలో ఇదే పనిలో ఉన్నాను. హెల్పర్‌గా మొదలుపెట్టి ఇప్పుడు సొంత ఈకో మీద తిరుగుతున్నాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్తున్నాను.

మన పనికి మామూలు అర చాలదు, మడత అరే కావాలి. సర్వీసు ఉన్న రోజు కెపాసిటర్లు, గ్యాస్ ప్రెషర్ చూసే గేజి మీటర్లు, కాపర్ పైపు మూతి వెడల్పు చేసే ఫ్లేరింగ్ టూల్, ఇన్సులేషన్ టేపులు, ఫ్యాన్ మోటార్లు అన్నీ చేతికందేలా అరల్లో ఉండాలి. ఫిట్టింగ్ ఉన్న రోజు అదే చోట ఔట్‌డోర్ యూనిట్ నిలబడాలి. నిలబడాలి అంటే నిజంగా నిలబడాలి, పడుకోబెట్టకూడదు. పడుకోబెడితే కంప్రెసర్‌లో ఉండాల్సిన ఆయిల్ పైపుల్లోకి పోతుంది, దాన్ని అలాగే బిగించి స్విచ్ వేస్తే కంప్రెసర్‌కి ఎసరొస్తుంది. ఎండాకాలంలో కస్టమర్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, స్థలం లేదని ఔట్‌డోర్లని అడ్డంగా పడేసి తెచ్చి పది నిమిషాల్లో ఆన్ చేసి వెళ్ళిపోయేవాళ్ళని ఎంతమందినో చూశాను. తర్వాత ఆ కంపెనీ ఏసీ మంచిది కాదని కస్టమర్ పదిమందికి చెప్తాడు. మంచి సరుకుకి చెడ్డపేరు ఇలాగే వస్తుంది.

ఇక అసలు విషయం. మడత అరలో చూడాల్సింది రేకు మందమూ కాదు, రంగూ కాదు. మడిచాక దాన్ని ఏది పట్టి ఉంచుతోందో అది చూడాలి.

నేను హెల్పర్‌గా ఉన్నప్పుడు మా మేస్త్రికి ఓమ్ని వ్యాను ఉండేది. వెనకాల కుడివైపు మందపాటి ప్లైవుడ్ అర, గోడవైపు బందులు. పైకెత్తి మడిచి టవర్ బోల్ట్ వేసేవాళ్ళం, ఇంట్లో కిటికీలకి వేసే గడియే. ఆ రోజు నిడమానూరు దగ్గర ఒక ఇంట్లో రెండు ఏసీలు బిగించాలి. అర పైకి మడిచి, కింద రెండు ఔట్‌డోర్లు నిలబెట్టాం. సీట్లు లేవు, నేనూ ఇంకో కుర్రాడూ వెనకాలే నేల మీద కూర్చున్నాం. యూనిట్లు ఊగకుండా వాడు ఒక చెయ్యి పై యంచు మీద వేసి పట్టుకున్నాడు. నేను వాడికి ఎదురుగా గేజి మీటర్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. లోపలి రోడ్డు, గతుకులు. బండి ఎగిరినప్పుడల్లా ఆ గడియ పుల్ల కొంచెం కొంచెం వెనక్కి జరగడం నాకు కనపడుతూనే ఉంది. రంగు పోయి మెరుస్తున్న కొస ఒకటి బయటికొస్తోంది. "మేస్త్రీ, గడియ..." అనేలోపే స్పీడ్ బ్రేకర్ వచ్చింది. అర మొత్తం బరువుతో కిందికి దిగి, దాని అంచు సరిగ్గా వాడి వేళ్ళ మీద పడింది. కింద ఔట్‌డోర్ రేకు, పైన ప్లైవుడ్, మధ్యలో చెయ్యి. వాడు అరవలేదు కూడా, నోరు తెరిచి నావైపు చూశాడు. నేను అర ఎత్తి పట్టుకుంటేనే చెయ్యి బయటికొచ్చింది. రెండు వేళ్ళు విరిగాయి.

కట్టు కట్టించాక మేస్త్రి చేసింది ఏమిటంటే, అంతకంటే పెద్ద టవర్ బోల్ట్ తెచ్చి బిగించడం. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే. గడియ చిన్నదవడం వల్ల జరిగింది కాదు అది. టవర్ బోల్ట్ కదలకుండా ఉండే గోడకి చేసిన వస్తువు. అదురుకి జారడం దాని గుణం, పెద్దదైతే పెద్ద చప్పుడుతో జారుతుంది. ఆ కుర్రాడి వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. కాపర్ పైపుకి ఫ్లేరు తియ్యలేడు. పని నేర్చుకుని మెకానిక్ కావాల్సినవాడు స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ దగ్గర నిలబడుతున్నాడు.

అందుకే నా బండిలో గడియలు లేవు. ట్రాక్టర్ విడిభాగాల షాపులో లించ్ పిన్ అని అమ్ముతారు, తలకి స్ప్రింగ్ రింగు ఉంటుంది. ట్రాక్టర్‌కి నాగలి తగిలించాక ఊడిపోకుండా పెట్టేది అదే. చిల్లులో దూర్చి రింగు అటు తిప్పితే చేత్తో తీస్తే తప్ప రాదు. దున్నేటప్పుడు ఉండే అదురు ముందు మన రోడ్ల అదురు ఒక లెక్క కాదు. అరకి రెండు వైపులా ఒక్కోటి పెట్టించుకోండి. మడిచినప్పుడు ఒక చిల్లు, దించినప్పుడు ఇంకో చిల్లు. పిన్ను ఎక్కడో పడిపోకుండా చిన్న గొలుసుతో ఫ్రేముకి కట్టించండి.

ఇంకోటి. అర పైకి లేచేలా వద్దు, కిందికి వాలేలా చేయించండి. పైకి మడిచిన అర జారితే మనిషి మీద పడుతుంది, కిందికి వాలిన అర జారడానికి ఇంకేం ఉండదు, అక్కడే వేలాడుతుంది. కిందికి వాలే అరని నిలబెట్టడానికి మడత బ్రాకెట్లు కావాలి. వాటి డబ్బా మీద ఇన్ని కిలోలు మోస్తుందని రాసి ఉంటుంది. అది ఇంటి గోడకి బిగించినప్పటి లెక్క, బండిలో అందులో సగమే అనుకోండి. బండి గతుకులో పడ్డప్పుడు పది కిలోల పంపు పది కిలోలుగా దిగదు. అర ముందు యంచుకి రెండంగుళాల రేకు కట్ట, అర మీద రబ్బరు మ్యాట్ వేయిస్తే సామాను జారదు, ఆ గలగల కూడా పోతుంది.

వెల్డింగ్ షాపువాళ్ళు బాడీకే వెల్డింగ్ పెట్టేస్తాం, గట్టిగా ఉంటుంది అంటారు. ఒప్పుకోవద్దు. వెల్డింగ్ పడ్డ చోట రేకు రంగు లోపలివైపు కూడా కాలిపోతుంది, రెండు వానాకాలాలకి తుప్పు మొదలవుతుంది. పైగా ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కాబట్టి బోల్టులతో విడిగా తీసేసేలా ఉండాలి. ఫ్రేము బరువంతా నేల మీద దిగాలి, పక్క రేకుకి లోపల ఉండే ఎముకల్లాంటి పట్టీలకే బిగించాలి తప్ప బయటి రేకుకి కాదు. వెనకాల పెద్ద వాషరు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకి వదులు కానిది). చిల్లు పెట్టే ముందు సీఎన్‌జీ పైపు, పెట్రోలు పైపు, వైర్లు ఎటు పోతున్నాయో బండి కింద పడుకుని చూసుకోవాలి. చిల్లు పెట్టిన చోట అప్పటికప్పుడే ప్రైమర్ పూయించాలి.

గ్యాస్ సిలిండర్లు మాత్రం అరల మీద పెట్టొద్దు. ఇప్పుడొచ్చే ఏసీల్లో చాలావాటికి ఆర్32 గ్యాసే, పాత ఆర్22 లాంటిది కాదు, నిప్పు తగిలితే మండే గుణం ఉంది. మే నెల మధ్యాహ్నం తలుపులు మూసి ఎండలో పెట్టిన బండి టాపు కింద వేడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. నేల మీదే, మూలకి ఆనించి, నిలబెట్టి, బెల్టు బిగించాలి. అపార్టుమెంట్ల వాచ్‌మన్లు బండిని సెల్లారు నీడలోకి రానివ్వరు, అది వేరే బాధ. ఏసీ పని చేయకపోతే రాత్రి పదింటికి కూడా ఫోన్ చేస్తారు, వచ్చిన బండికి మాత్రం గంట సేపు నీడ ఇవ్వరు.

ఇక జాలీ సంగతి. అరల కంటే ముందు అది చూడమనడానికి కారణం ఉంది. డ్రైవరు సీటుకీ సామానుకీ మధ్య ఇనుప జాలీ, కింద నుంచి టాపు దాకా. గంటకి అరవైలో వెళ్తుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతున్నట్టు. సడన్ బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, వెనకాల విడిగా ఉన్న పైప్ రెంచి ఆగదు. డబ్బు ఒక్కదానికే ఉందంటే జాలీ వేయించి, అరలు వచ్చే సీజన్‌కి పెట్టుకోండి.

జాలీ వేస్తే హెల్పర్ ఎక్కడ కూర్చుంటాడు అని మీరు అడగబోతున్నారు. వెనకాల మాత్రం కాదు. మీ కార్గోకి ఉన్నవి రెండే సీట్లు, ఆ రెండోది వాడిదే. ఫిట్టింగ్‌కి ముగ్గురు కావాల్సిన రోజు మూడోవాడిని బైకు మీద రమ్మనండి, పెట్రోలు డబ్బులు మీరివ్వండి. ఆటోకైనా ఇవ్వండి. పదిహేడేళ్ళు, పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని తల్లిదండ్రులు పని నేర్పమని మన చేతిలో పెడతారు. వాళ్ళని సామానులో సామానుగా కూర్చోబెట్టి తీసుకెళ్ళడం మన లైనులో మామూలైపోయింది. ఏ సర్వీసు సెంటర్ దగ్గర ఉదయం తొమ్మిదింటికి నిలబడ్డా చూడొచ్చు, వెనక తలుపు తీసి కుర్రాడిని ఎక్కించి బయటి నుంచి మూసేస్తారు. ఏమైనా అయితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట అడిగేది కూడా ఆర్సీలో సీట్లు ఎన్ని అనే. ఆ ఇంటివాళ్ళకి అప్పుడు రూపాయి రావడం కూడా గగనమే.

ఇక మీ ప్రశ్నకి మిగిలింది: ఆటోనగర్‌లో నాకు జాలీ, రెండు అరలు, పౌడర్ కోటింగ్ అన్నీ కలిపి పదిహేను వేలు దాటాయి. స్క్వేర్ పైపు ఫ్రేము, 12 ఎంఎం ప్లైవుడ్. ఎండాకాలం మొదలయ్యాక వెళ్తే మీకూ తీరదు, వాళ్ళకీ తీరదు, డిసెంబరు, జనవరిలో వెళ్ళండి. కొలతలు నోటితో చెప్పకుండా ఒక ఔట్‌డోర్ యూనిట్‌ని అట్టపెట్టెతో సహా బండిలో పెట్టుకుని వెళ్ళండి, అర వాలినప్పుడు దానికీ అరకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండాలి. స్లైడింగ్ తలుపు వైపు అరలు వద్దు, అటు నుంచే మీరు సామాను దించుకోవాలి.