కార్డులో వయసు 19 అని రాయమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో ఆశా కార్యకర్తని. మా ఊళ్ళో ఒక అమ్మాయికి పదో తరగతి పరీక్షలు అయిన వేసవిలోనే మేనబావతో పెళ్ళి చేశారు. అమ్మాయికి ఇప్పుడు 16 దాటి నాలుగు నెలలు, అతనికి 24. నెల తప్పి మూడు నెలలైంది, ప్రస్తుతం పుట్టింట్లో ఉంది. మాతా శిశు సంరక్షణ కార్డు రాయడానికి వెళ్తే వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని, "19 అని రాయక్కా, పోలీసుల దాకా పోతే అల్లుడు జైలుకి పోతాడు, నా బిడ్డ బతుకు ఏం కావాలి" అని ఏడ్చింది. నిజం రాస్తే అసలు ఆస్పత్రికే పంపనని వాళ్ళ నాన్న అంటున్నాడు. అబద్ధం రాస్తే నా మీద కేసు అవుతుందని తోటి ఆశాలు చెబుతున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, వయసు 16 అనే రాయండి. అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్ళే పని ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. పోలీసులకు సమాచారం ఇవ్వడం నుంచి మాత్రం తప్పించుకునే దారి చట్టంలో లేదు. అయితే ఆ అమ్మాయి నలిగిపోకుండా చూసే ఏర్పాట్లు అదే చట్టంలో ఉన్నాయి. వాటి గురించి ఊళ్ళో ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఆ వయసు సంగతి. 16 ఏళ్ళ ఒంట్లో ఎదుగుదల ఇంకా పూర్తి కాదు. రక్తహీనత, బీపీ పెరగడం, గుర్రపు వాతం (గర్భంతో ఉండగా వచ్చే ఫిట్స్), బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం ఈ వయసులో ఎక్కువని మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. కార్డు మీద 16 అని ఉంటే డాక్టరు దాన్ని హై రిస్క్ కాన్పుగా పక్కకు తీస్తారు, పెద్దాస్పత్రికి ఎప్పుడు పంపాలో ముందే రాసి పెడతారు. 19 అని ఉంటే ఆ అమ్మాయి అందరితో పాటు వరుసలో నిలబడుతుంది.

కొన్నేళ్ళ కిందట ఒక పోక్సో కేసులో (పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన చట్టం అది) ప్రాసిక్యూటరుకి సాయంగా అమ్మాయి తరఫున లాయరుగా నేను నిలబడ్డాను. కోర్టు వరండాలో ఆ పిల్ల మూడు నెలల బిడ్డను తువ్వాలులో చుట్టుకుని కూర్చుంది. ఎనిమిదో నెలలో ఫిట్స్ వచ్చి చావు తప్పి బయటపడింది. కార్డు తెప్పించి చూస్తే వయసు దగ్గర ముందు 16 రాసి, ఆరు మీద పెన్ను గట్టిగా దిద్ది 19 చేశారు. దిద్దిన చోట కాగితం చిరిగింది కూడా. నిందితుడి లాయరు ఆ కార్డునే పైకెత్తి చూపి, "అమ్మాయి మేజర్ అని ప్రభుత్వ రికార్డే చెబుతోంది కదా" అని వాదించాడు. ఆ కార్డు రాసిన ఆరోగ్య కార్యకర్త బోనెక్కి, ఎవరు దిద్దమన్నారో చెప్పలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జాలిపడి చేసిన పని అటు అమ్మాయికీ పనికిరాలేదు, ఇటు ఆమెకూ మిగల్లేదు. చివరికి బడి రికార్డుతో వయసు తేలింది. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం కోర్టు చూసేది బడి సర్టిఫికెట్, పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం. మీరు కార్డులో ఏం రాసినా అసలు వయసు మారదు.

ఇక అసలు చట్టం. 18 నిండని అమ్మాయితో శారీరక సంబంధం పోక్సో చట్టం కింద నేరం. ఆమె ఒప్పుకుందా లేదా అన్నది చూడరు. పెళ్ళయింది కదా అనే వాదనను సుప్రీంకోర్టు 2017 అక్టోబర్ 11న కొట్టేసింది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ భార్యకు 18 నిండకపోతే మినహాయింపు లేదు. అమ్మాయి గర్భం దాలిస్తే నేరం ఇంకా పెద్దదవుతుంది. పోక్సో 6వ సెక్షన్ కింద కనీస శిక్ష 20 ఏళ్ళు. ఆ తల్లి అలా ఏడవడానికి కారణం ఇదే. ఆమె భయం ఉత్తిది అని నేను అనలేను.

ఇప్పుడు మీ బాధ్యత. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద సివిల్‌గా గానీ క్రిమినల్‌గా గానీ చర్య ఉండదని అదే 19లో ఉంది. మీరు ఒంటరిగా స్టేషన్‌కి వెళ్ళక్కర్లేదు. అదే రోజు ఏఎన్‌ఎం నర్సుకి చెప్పి, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసరుకి కాగితం మీద రాసి ఇచ్చి, ఒక కాపీ మీద సంతకం తీసుకోండి. పోలీసులకు సమాచారం పీహెచ్‌సీ నుంచి వెళ్తే మంచిది. కానీ వెళ్ళిందో లేదో మర్నాడు మీరే కనుక్కోండి. వెళ్ళకపోతే మీరే పంపాలి, ఎందుకంటే డాక్టరుకి చెప్పేశాను అన్నంత మాత్రాన మీ బాధ్యత తీరిపోదు.

అమ్మాయి నాన్నకు ఈ మాట గట్టిగా చెప్పండి: కేసు కాగితాలు తెస్తేనే చూస్తాం అని ఏ ఆస్పత్రీ అనకూడదు. 2020 పోక్సో రూల్స్‌లో ఇది స్పష్టంగా ఉంది. ప్రభుత్వ ఆస్పత్రైనా ప్రైవేటు ఆస్పత్రైనా చికిత్స ఉచితంగా చేయాలి.

గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఇప్పటిదాకా ఎవరైనా ఆ పిల్లను అడిగారా? మీ ఉత్తరంలో అమ్మ మాట ఉంది, నాన్న మాట ఉంది, ఆమె మాట ఒక్కటీ లేదు. పక్కన ఎవరూ లేనప్పుడు మీరు అడగండి. మూడు నెలలే కాబట్టి ఎంటీపీ చట్టం (గర్భం తీయించుకోవడానికి సంబంధించిన చట్టం) ప్రకారం 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయంతోనే గర్భం తీయించుకోవచ్చు. 20 నుంచి 24 వారాల మధ్య అయితే ఇద్దరు డాక్టర్లు చూడాలి, మైనర్లకు ఆ వెసులుబాటు ఉంది. 18 నిండలేదు కాబట్టి అమ్మ గానీ నాన్న గానీ సంతకం పెట్టాలి. కానీ అమ్మాయి ఇష్టాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదని కోర్టులు చెబుతూనే ఉన్నాయి. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. మైనరూ ఆమె సంరక్షకులూ కోరితే, గర్భం తీసే రిజిస్టర్డ్ డాక్టరు పోలీసులకు ఇచ్చే సమాచారంలో అమ్మాయి పేరు, వివరాలు రాయనక్కర్లేదు. ఈ రక్షణ ఆ డాక్టరుకే. మన ఊళ్ళలో ఆర్‌ఎంపీ అని పిలుచుకునే ఆయనకు ఇది వర్తించదు, ఆయన చేతి మాత్రలు వేయించడం ప్రాణాలతో చెలగాటమే.

పోలీసులు వస్తే ఏమవుతుందన్నది తర్వాతి భయం. అమ్మాయి స్టేషన్‌కి వెళ్ళక్కర్లేదు. ఆమె ఉన్న చోటికే, వీలైనంత వరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం రాసుకోవాలి. రాత్రి పూట స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఫోటో బయటికి రాకూడదు. విషయం 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి చేరాలి. హోమ్‌కి ఎత్తుకుపోతారని జనం భయపడతారు గానీ, అమ్మాయిని ఇంట్లోంచి మార్చాలా వద్దా అన్నది కమిటీ విచారించి తేలుస్తుంది, ఆమె మాటా వినాలి. పుట్టింట్లోనే ఉంటానంటే అది గట్టిగా చెప్పించండి. కేసు నడిచినన్నాళ్ళూ తోడుగా సహాయకురాలిని ఇమ్మని, వైద్యానికీ తిండికీ మధ్యంతర పరిహారం ఇప్పించమని అడగవచ్చు. పోక్సో కోర్టు కేసు తేలేదాకా ఆగకుండానే ఆ పరిహారం ఇప్పించగలదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయం చూడకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. ఫోన్ 15100.

అల్లుడి సంగతి మీద నేను మాట ఇవ్వలేను. 2025 మే 23న పశ్చిమ బెంగాల్ కేసు ఒకదానిలో, దోషిగా తేలినా, ఆ అమ్మాయి బాగు చూసి సుప్రీంకోర్టు అతనికి శిక్ష వేయలేదు. కానీ అది రాజ్యాంగం 142వ అధికరణం కింద ఆ కోర్టుకు మాత్రమే ఉన్న అధికారం, మన జిల్లా కోర్టుకు లేదు. పెళ్ళి చేసిన పెద్దల మీద 2006 బాల్య వివాహ నిషేధ చట్టం కింద కూడా కేసు ఉంటుంది. ఆ చట్టం కింద ఆడవాళ్ళకు జైలు శిక్ష వేయరు. తల్లికి ఈ ముక్క చెప్పండి, కాస్త ఊపిరి తీసుకుంటుంది. పోక్సోలో నేరానికి సహకరించారన్న ఆరోపణ వేరు, అందుకే ముందే లాయరుని కలవమనండి. అమ్మాయి కావాలనుకుంటే తనకు 20 ఏళ్ళు నిండేలోపు ఈ పెళ్ళిని కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. రద్దయినా పుట్టే బిడ్డ చట్టబద్ధమైన బిడ్డే, అమ్మాయికి భరణం కూడా ఇప్పిస్తారు.

ఇది ఒక్క ఇంటి కథ కాదని మీకు నాకన్నా బాగా తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భంతో ఉన్నారు. దేశం మొత్తం మీద ఇది 6.8, తెలంగాణలో 5.8. బస్సు ఎక్కి కాలేజీకి పంపడానికి భయపడి, ఇంట్లో ఉంచితే ఊరు ఏమంటుందోనని పదో తరగతి కాగానే పెళ్ళి చేసేయడం మన జిల్లాల్లో కళ్ళారా చూస్తూనే ఉన్నాం. కాన్పు దాకా వచ్చాక నాలాంటి లాయరు చేయగలిగింది కొంచెమే. పెళ్ళి మాటలు మొదలైనప్పుడే తహసీల్దారుకో, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ అధికారి సీడీపీఓకో, కాదంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కో చెబితే మెజిస్ట్రేట్ ఆ పెళ్ళిని ఆపమని ఉత్తర్వు ఇవ్వగలరు. ఉత్తర్వు ఉన్నా కాదని చేస్తే ఆ పెళ్ళి చెల్లదు. మీ ఊళ్ళో ఈ ఏడాది పదో తరగతి రాసే ఆడపిల్లలు ఎంతమందో అంగన్‌వాడీ టీచరుతో కూర్చుని ఒకసారి రాసుకోండి.

కార్డు ఇంకా రాయలేదు కదా. ప్రతి నెలా 9న గర్భిణులకు డాక్టరు పరీక్షలు ఉంటాయి, అంతదాకా ఆగకుండా రేపే తల్లినీ కూతురినీ పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి. పదో తరగతి మెమో సంచిలో పెట్టుకోమనండి. బీపీ, రక్త పరీక్ష అయ్యాకే మిగతా మాటలు మొదలుపెట్టండి.