డాక్టర్ సలహా: కార్టిసాల్ సంగతి తర్వాత, ముందు ఆ చిన్న తెల్ల మాత్ర పేరు కనుక్కోండి

ప్రశ్న: మా వారికి 47 ఏళ్లు. ఆదోనిలో పత్తి కమిషన్ దుకాణంలో గుమస్తాగా పనిచేస్తారు. పెద్దమ్మాయి పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఎనిమిది నెలలుగా ఆయన మనిషే మారిపోయారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి చిన్నదానికే కేకలేస్తున్నారు. రాత్రి రెండింటికి లేచి లెక్కలు రాస్తూ కూర్చుంటారు, తెల్లారాక దుకాణంలో ఆ లెక్కలే మరిచిపోతారు. ఒత్తిడి వల్ల కార్టిసాల్ అనే హార్మోను పెరిగి మెదడు కణాలను చంపేస్తుందని ఫోనులో చదివాను. చనిపోయిన కణాలు మళ్లీ వస్తాయా? కార్టిసాల్ పరీక్ష ఎక్కడ చేయించాలి? అశ్వగంధ చూర్ణం వాడితే తగ్గుతుందా? మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో కట్టిచ్చే మాత్రల పొట్లం తప్ప ఆయన వేరే మందులేవీ వాడరు. నిద్ర కోసం రాత్రి అర మాత్ర వేసుకుంటారు. మిగతా ఆరోగ్యం బాగానే ఉంది, ఈమధ్య ముఖం కూడా నిండుగా అయింది.
– ఒక గృహిణి, ఆదోని

జవాబు: అమ్మా, మీరు అడిగిన మూడు ప్రశ్నల కంటే, చివర్లో మామూలు విషయంలా రాసేసిన రెండు మూడు వాక్యాలే నన్ను ఎక్కువగా కలవరపెట్టాయి. మోకాళ్ల నొప్పులకు పొట్లం, నిద్రకు అర మాత్ర, ముఖం నిండుగా కావడం. మీరు వీటిని ఆరోగ్యం బాగుందనడానికి గుర్తులుగా రాశారు. నేను అలా చదవలేకపోతున్నాను.

మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించకుండా ఫలానా జబ్బు అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. నా అనుమానం మాత్రం చెబుతాను. ఆ పొట్లం విప్పి చూడండి. సాధారణంగా అందులో ఒక పెద్ద నొప్పి మాత్ర, ఒక గ్యాస్ మాత్ర, వాటి మధ్య చాలా చిన్న తెల్ల మాత్ర ఒకటి ఉంటాయి. పేరు ఉన్న వైపు షీటు కత్తిరించేసి ఉంటుంది, లేదా విడి మాత్రలే కాగితంలో చుట్టి ఇస్తారు. ఆ చిన్న మాత్ర డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్‌లలో ఏదో ఒకటి అయ్యే అవకాశం ఉంది. ఇవన్నీ స్టెరాయిడ్లు. వేసుకున్న కొద్ది గంటల్లోనే నొప్పి తేలికపడుతుంది, ఆకలి పెరుగుతుంది, ఒంట్లో హుషారు వస్తుంది. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బి నిండుగా కనిపిస్తుంది. అందుకే వేసుకున్నవారు మళ్లీ అదే పొట్లం అడుగుతారు. కర్నూలులో నా ఓపీకి ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చేవారిలో ఈ పొట్లం అలవాటు ఉన్నవారిని ఏళ్ల తరబడి చూస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం వినండి. మీరు భయపడుతున్న కార్టిసాల్ కూడా స్టెరాయిడే. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు దాన్ని తయారుచేస్తాయి. పెద్దవాళ్ల శరీరంలో రోజంతా తయారయ్యేది సుమారు 10 మిల్లీగ్రాములు. డెక్సామెథసోన్ మాత్ర అర మిల్లీగ్రామే ఉంటుంది కాబట్టి చూడటానికి ఎంతో కాదనిపిస్తుంది. కానీ దాని బలం కార్టిసాల్ కంటే సుమారు 25 రెట్లు ఎక్కువ. అంటే ఆ ఒక్క చిన్న మాత్రే శరీరం రోజంతా చేసుకునే హార్మోనును మించిపోతుంది. అప్పుల ఒత్తిడి ఆయన కార్టిసాల్‌ను ఎంత పెంచిందో నేను ఊహించలేను గానీ, నా అనుమానం నిజమైతే పొట్లంలోంచి అంతకంటే ఎక్కువే రోజూ లోపలికి వెళుతోంది.

స్టెరాయిడ్ చెడ్డ మందని నేను అనడం లేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక రోగికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే ఆమె కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆ పరిశోధనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఉబ్బసం ముదిరినప్పుడు, కొన్ని కీళ్లవాతాల్లో, తీవ్రమైన అలర్జీల్లో మేమే రాస్తాం, దాంతో ప్రాణాలు నిలుస్తాయి. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎలా తగ్గించాలి అన్న లెక్కతో ఇస్తాం. ఇది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. నెలల తరబడి లెక్కా పత్రం లేకుండా మింగేది కాదు.

దీని ప్రభావం ఒంటి మీదే కాదు, మనసు మీదా ఉంటుంది. 1972లో బోస్టన్‌లో ఆసుపత్రి రోగుల మీద జరిగిన పరిశీలనలో, ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మిల్లీగ్రాముల లోపు తీసుకున్నవారిలో 1.3 శాతం మందికి, 80 దాటినవారిలో 18.4 శాతం మందికి తీవ్రమైన మానసిక లక్షణాలు కనిపించాయి. ఇవి తీవ్రమైన లక్షణాల లెక్కలు మాత్రమే. నిద్ర పట్టకపోవడం, చిరాకు, మతిమరుపు అంతకంటే తక్కువ మోతాదుల్లోనూ చూస్తుంటాం. మీవారి కేకలకు, రాత్రి రెండింటి మెలకువకు మొత్తం కారణం ఇదేనని అనలేను. కానీ దీన్ని పక్కన పెట్టి అప్పుల మీదే నెపం వేస్తే అసలు కారణం తప్పిపోవచ్చు.

ఇది చదివిన కోపంలో పొట్లం తీసి బయట పారేయకండి. ఈ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించేస్తాయి. ఒక్కసారిగా ఆపితే అవి వెంటనే అందుకోలేవు. వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్లవచ్చు, ప్రాణాపాయం కూడా. అలాంటివి కనిపిస్తే 108కు ఫోన్ చేయండి. మాత్ర పేరు తేలి, డాక్టరు చూసేవరకు ఆపవద్దు, పెంచవద్దు. తగ్గించడమన్నది డాక్టరు రాసిచ్చిన ప్రకారం మెల్లగా, ఒక్కోసారి నెలలు పట్టే పని.

మెదడు కణాల గురించి అడిగారు. కణాలు చచ్చిపోతాయన్న మాట ఎలుకల మీద చాలా ఎక్కువ హార్మోను, చాలాకాలం పాటు ఇచ్చి చేసిన పాత ప్రయోగాల నుంచి వచ్చింది. దాన్ని మనుషులకు యథాతథంగా అంటగట్టడం సరికాదు. కార్టిసాల్ వంటి హార్మోను మెదడులో జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో చేరి పనిచేస్తుందని 1968లో బ్రూస్ మెక్‌యూవెన్ బృందం ఎలుకల్లో చూపింది. తర్వాతి ప్రయోగాల్లో, మూడు వారాలు రోజూ ఒత్తిడికి గురైన ఎలుకల్లో అక్కడి కణాలు చావలేదు గానీ వాటి శాఖలు కుదించుకుపోయాయి. వేపచెట్టు కొమ్మలు నరికినట్టు అనుకోండి, మోడు బతికే ఉంటుంది. ఒత్తిడి తొలగాక ఆ శాఖలు మళ్లీ పెరిగాయి. మనుషుల్లో, కార్టిసాల్ అతిగా తయారయ్యే కుషింగ్ జబ్బు ఉన్నవారికి చికిత్స చేశాక హిప్పోక్యాంపస్ పరిమాణం కొంత పెరిగినట్టు స్కానుల్లో కనిపించింది. కాబట్టి మతిమరుపు విషయంలో ఆశ వదులుకోవలసిన పని లేదు.

కోపం సంగతి కొంచెం వేరు. మనకు దగ్గర్లోనే, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో సుమంత్ర ఛటర్జీ బృందం 2002లో ఒక విషయం ప్రచురించింది. అదే ఒత్తిడి వల్ల హిప్పోక్యాంపస్‌లో శాఖలు తగ్గితే, భయాన్నీ కంగారునూ నడిపే అమిగ్డాలాలో మాత్రం పెరిగాయి. వాళ్లే తర్వాత చేసిన ప్రయోగంలో, ఒత్తిడి ఆగి మూడు వారాలైనా ఆ పెరిగినవి వెనక్కి తగ్గలేదు. ఇదీ ఎలుకల మాటే. కానీ ఓపీలో నేను చూసేది దీనికి దగ్గరగానే ఉంటుంది. నిద్ర, జ్ఞాపకం కుదుటపడ్డాక కూడా చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం, ఊరికే విసుక్కోవడం ఇంకొంతకాలం ఉంటాయి. మీవారు కావాలని మీ మీద అరుస్తున్నారనుకోకండి. అలాగని పడి ఉండమనీ కాదు. దానికి మందులున్నాయి, మాట్లాడి చేసే చికిత్స ఉంది.

నిద్రకు అర మాత్ర అన్నారు. ఆల్ప్రజోలామ్ అయి ఉండవచ్చు. అది కూడా చీటీ మందే, అమ్మకం మీద చాలా కఠినమైన నియమాలున్న జాబితాలోని మందు. రోజూ వాడితే దానంతట అదే మతిమరుపు తెస్తుంది. కొన్నాళ్లకు అర మాత్ర సరిపోదు, ఒకటి కావాలి. మద్యంతో కలిస్తే శ్వాసకే ప్రమాదం. దీన్నీ హఠాత్తుగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. ఒక మాత్రతో నిద్ర పోగొట్టుకుని, ఇంకో మాత్రతో నిద్ర తెచ్చుకోవడం చూస్తే బాధగా ఉంటుందమ్మా.

కార్టిసాల్ పరీక్ష మీ అంతట మీరు ల్యాబుకు వెళ్లి చేయించవద్దు. అది తెల్లవారుజామున ఎక్కువగా, అర్ధరాత్రి తక్కువగా ఉండే హార్మోను. ఏ వేళ రక్తం తీశారు, ఏ మాత్ర వేసుకున్నారు అన్నది తెలియకుండా వచ్చిన అంకెకు అర్థం ఉండదు. అవసరమైతే ఉదయం ఎనిమిది ప్రాంతంలో డాక్టరే చేయిస్తారు. ముందు కావలసినవి బీపీ, షుగర్, సోడియం, పొటాషియం, థైరాయిడ్, బి12. షుగర్ విషయంలో జాగ్రత్త. స్టెరాయిడ్ వాడేవారికి పరగడుపున బాగానే ఉండి, మధ్యాహ్నం భోజనం తర్వాత పెరిగిపోతుంది. పరగడుపు రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకండి. తగ్గని దగ్గు, సాయంత్రం జ్వరం, నల్లటి విరేచనం, తుంటి నొప్పి ఉంటే తప్పక చెప్పండి. పాత టీబీ తిరగబెట్టడం, కడుపులో పుండ్లు, తుంటి ఎముక దెబ్బతినడం ఈ మందులతో చూస్తున్నాం.

అశ్వగంధ ఇప్పుడు వద్దు. కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు నమోదయ్యాయి, థైరాయిడ్ మీదా ప్రభావం ఉంటుంది. ఉన్న గందరగోళంలో మూడో మందు కలపకండి.

ఎనిమిది నెలలు ఆగారు. ఫోనులో చదవడానికి దొరికిన సమయంలో సగం పెట్టినా ఆదోని ఏరియా ఆసుపత్రిలో చూపించడం అయిపోయేది. పత్తి సీజను, యార్డుకు సరుకు వచ్చే రోజులు, సెలవు దొరకదని ఆయన అంటారని తెలుసు. ఒక్క పూట చాలు. షాపు వాళ్లతో గొడవ పెట్టుకోకండి. "డాక్టరు గారు పేర్లు అడిగారు, రాసివ్వండి" అని చెప్పండి. ఇవ్వకపోతే పొట్లమే తీసుకెళ్లండి. అవసరమైతే అక్కడి డాక్టరే కర్నూలు పెద్దాసుపత్రికి పంపుతారు.

ఇంకో ప్రశ్న మీరు ఆయన్ను అడగాలి, మీరు అడగలేకపోతే ఆయన నమ్మే అన్నదమ్ములెవరైనా అడగాలి. "బతకాలని లేదనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, చాలామందికి చెప్పుకునే దారి దొరుకుతుంది. అప్పు, నిద్రలేమి, స్టెరాయిడ్ కలిసినచోట ఈ ప్రశ్న నేను వదలను. ఇంట్లో పురుగుల మందు ఉంటే ఈ రోజే వేరేచోటికి చేర్చండి. నిద్ర మాత్రలు మీ దగ్గర పెట్టుకోండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అవునన్నా, జవాబు దాటేసినా ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈలోగా ఆయనకు జ్వరం వచ్చినా, పన్ను తీయించాల్సి వచ్చినా, బండి మీంచి పడి దెబ్బ తగిలినా, చూసే డాక్టరుకు ముందే చెప్పండి: నెలల తరబడి స్టెరాయిడ్ వాడుతున్నారేమోనన్న అనుమానం ఉందని. ఆ ఒక్క మాటతో వాళ్లు ఇచ్చే చికిత్స మారుతుంది.

– జనరల్ ఫిజీషియన్, కర్నూలు
(ఈ సలహా అవగాహన కోసమే. నేరుగా డాక్టరును కలిసి చేయించుకునే పరీక్షకు ఇది ప్రత్యామ్నాయం కాదు.)