చలికాలంలో కాకినాడ నుంచి బోటు ఎక్కితే తిమింగలాలు కనిపిస్తాయా?

డిసెంబరు సెలవుల్లో పిల్లల్ని తీసుకుని వస్తున్నాం, తిమింగలాలు చూడొచ్చా, కనీసం సముద్రపు పక్షుల కోసమైనా బోటుకి డబ్బులు పెట్టొచ్చా అని అడిగారు. తిమింగలాల మీద ఆశ పెట్టుకోకండి. పక్షుల కోసమైతే కళ్లు మూసుకుని వచ్చేయండి. నాది కోరంగి పక్క ఊరు, ప్రతి చలికాలం మావాళ్ల బోటు మీద బయటికి వెళ్లడం అలవాటు, కాబట్టి చూసిందే చెబుతున్నాను.

బంగాళాఖాతంలో తిమింగలాలు ఉన్నాయి. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి చనిపోయిన తిమింగలం ఒకటి కొట్టుకొచ్చింది కూడా. కానీ శ్రీలంకలో మిరిస్సా దగ్గర డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొద్దున్నే బోటు ఎక్కినవాళ్లకి నీలి తిమింగలాలు కనిపిస్తున్నాయంటే అక్కడ లోతు సముద్రం ఒడ్డుకి బాగా దగ్గర. మన కాకినాడ బే సంగతి అది కాదు. గోదారి తెచ్చిపోసిన మట్టీ ఇసుకా పేరుకుని రెండొందల ఏళ్లలో హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక తిప్ప తయారైంది, దాని లోపలి వైపు నీళ్లు బురదగా, లోతు తక్కువగా ఉంటాయి. అంత పెద్ద జంతువుకి అక్కడ పనేం ఉంటుంది? ట్యూనా కోసం రోజుల తరబడి లోతుకి వెళ్లే మా వాళ్లు తిమింగలాలు నీళ్లు చిమ్మడం చూశామని చెబుతుంటారు, కానీ అది పిల్లలతో పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే దూరం కాదు. ఎవరైనా ఫోన్లో వీడియో చూపించి ఇదిగో తిమింగలం అంటే తోక చూడండి. అడ్డంగా పరుచుకుని ఉంటే తిమింగలం, నిలువుగా ఉంటే వేల్ షార్క్, అంటే సొర. మన తీరంలో వలల్లో పడేది ఎక్కువగా ఈ సొరే.

డాల్ఫిన్లు మాత్రం కనిపించే అవకాశం ఉంది. ఇక్కడ ఉండే గూని వీపు డాల్ఫిన్లకి తక్కువ లోతు, బురద నీళ్లే ఇష్టం. సినిమాల్లోలా గాల్లోకి ఎగరడం చాలా తక్కువ, బూడిద రంగు వీపు మెల్లగా పైకి లేచి వంగి లోపలికి పోతుంది, అంతే. వాటిని వెతకాలంటే ముందు పక్షుల్ని వెతకాలి. టెర్న్‌లు అనే సముద్రపు పక్షులు ఒకే చోట గుంపుగా తిరుగుతూ నీళ్లలోకి నిట్టనిలువునా దూకుతున్నాయంటే కింద చేపల గుంపు ఉన్నట్టు, అక్కడికి డాల్ఫిన్లు కూడా వస్తాయి. కనిపించగానే బోటు వాళ్లు మన సరదా కోసం వెంటపడతారు, దయచేసి "అన్నా, ఇంజన్ ఆపెయ్" అని మీరే చెప్పండి. ఆపి కాసేపు కూర్చుంటే వాటంతట అవే దగ్గర్లో తేలతాయి, వెంటపడితే మునిగి ఎక్కడో దూరాన లేస్తాయి.

ఇక పక్షులు. ఇక్కడే అందరూ టైమ్ దగ్గర దెబ్బతింటారు. హోటల్ వాళ్లు పొద్దున ఎనిమిదికి అన్నారని ఎనిమిదికి వెళ్లడం కాదు, పోటు ఎప్పుడో కనుక్కుని వెళ్లాలి. బాగా పాటు మీద, అంటే నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉన్నప్పుడు పక్షులు కనుచూపు మేర బురదంతా చెల్లాచెదురుగా మేస్తుంటాయి, బోటు ఆ దగ్గరకి పోలేదు, పోతే కూరుకుపోతుంది. పోటు ఎక్కుతుంటే నీళ్లు వాటిని నెట్టుకుంటూ వచ్చి మిగిలిన ఇసుక తిప్పల మీదికి చేరుస్తాయి, అప్పుడు ఒకే చోట వందలు వందలు కనిపిస్తాయి. మీకు కావాల్సింది పోటు నిండటానికి ముందు రెండు గంటలు. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు పెద్దగా ఉంటుంది, అష్టమి దగ్గర నీళ్లు పెద్దగా కదలవు. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్న వెళ్లినవాళ్ల టైమ్ మీకు పనికిరాదు, బోటు నడిపే సరంగుని అడగండి, పంచాంగం చూడకుండానే చెప్పేస్తాడు. ఇంకోటి, మనది తూర్పు తీరం, పొద్దున సముద్రం వైపు చూస్తే ఎండ కళ్లలో కొట్టి ప్రతి పక్షీ నల్లగానే కనిపిస్తుంది. బోటుని తిప్ప దాటించి ఒడ్డు వైపు తిరిగి చూడండి, రంగులన్నీ తేలతాయి.

ఇండియన్ స్కిమ్మర్ కోసం దేశం నలుమూలల నుంచీ ఇక్కడికి వస్తారు. ఎండాకాలంలో చంబల్, మహానది లాంటి నదుల ఇసుక దిబ్బల మీద గుడ్లు పెట్టుకుని చలికాలానికి తీరానికి దిగుతాయి. నారింజ రంగు ముక్కు, అందులో కింది సగం పై సగం కంటే పొడుగు. నోరు తెరిచి ఆ కింది ముక్కుని నీళ్లలో ముంచి గీత గీస్తున్నట్టు ఎగురుకుంటూ పోతుంది, చేప తగిలిందా, తల ఒక్కసారి కిందికి వంగి పై ముక్కు టక్కున మూసుకుంటుంది. మంచి వెలుతురులో దగ్గరగా చూస్తే వెనకాల నీటి మీద ఆ గీత కాసేపు అలాగే నిలిచి ఉంటుంది. ప్రపంచంలో ఇవి మిగిలింది కొన్ని వేలే. గ్రేట్ నాట్ అనే చిన్న పక్షి ఈశాన్య సైబీరియా నుంచి వస్తుంది, అదీ అంతరించే ప్రమాదంలో ఉన్నదే. అందుకే ఫోటో కోసం గుంపుని లేపకండి. ఒకసారి లేచి తిరిగి వాలడానికి అవి ఖర్చుపెట్టే బలం తిరుగు ప్రయాణానికి దాచుకున్న కొవ్వులోంచి పోతుంది, పిల్లలకి ఇది ముందే చెప్పి తీసుకెళ్లండి.

బోటు ఖర్చు పెట్టలేకపోతే ఉప్పాడ బీచ్‌లో అలివి వల లాగే చోట నిలబడినా చాలు. వల ఒడ్డుకి వస్తుంటే గల్స్ అనే సముద్రపు పక్షులు మన తల మీదే తిరుగుతాయి. డిసెంబరులో వాటి తల తెల్లగా, కంటి వెనక ఒక నల్ల మచ్చ. మార్చికి అదే తల కాఫీపొడి రంగుకి మారుతుంది.

కోరంగిలో అటవీ శాఖ బోటు మడ అడవి పాయల్లో తిప్పుతుంది, మొగ, అంటే పాయ సముద్రంలో కలిసే చోటు, దాటి తిప్పల దాకా వెళ్లాలంటే వాళ్లని ముందుగా అడగాలి, అది 1978 నుంచి అభయారణ్యం. నవంబరులో తుపాను హెచ్చరిక ఉంటే టికెట్ డబ్బులు పోయినా సరే మానేయండి. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే తిప్పల మీద కాలు పెట్టొద్దు. లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి, వాంతుల మాత్ర బోటు ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి. 8×42 బైనాక్యులర్ సరిపోతుంది, ఊగే బోటులో ఇంకా పెద్దది తెస్తే చేతులు నొప్పి తప్ప ఏమీ కనిపించదు. ఏ పక్షి కాలికైనా రంగు రంగుల ప్లాస్టిక్ పట్టీ కనిపిస్తే రంగులూ, వాటి మీద అక్షరాలూ తెలిసేలా ఫోటో తీసి ముంబయిలోని బీఎన్‌హెచ్‌ఎస్‌కి (బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ) పంపండి, ఆ పక్షికి పట్టీ ఎక్కడ వేశారో వాళ్లు కనుక్కోగలరు.