ఫ్యూజు పీకితే మెయిన్ ఆగినట్టేనా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024లో బుడమేరు వరదప్పుడు కరెంటు లేక నరకం చూశాం. ఆ భయంతోనే జనరేటర్ కొన్నాను. ఇంటి కింద మా పాల దుకాణం ఉంది. 2025 మేలో గాలివానకు వీధిలో తీగ తెగింది. పాలు విరిగిపోతాయని మా అబ్బాయి ఫ్యూజు పీకేసి, జనరేటర్ వైరును గోడ సాకెట్‌లో పెట్టాడు. మాది త్రీఫేజ్ సర్వీసు. స్తంభం మీదున్న లైన్‌మన్ షాక్ కొట్టి కిందపడ్డాడు, కాలు విరిగింది. జాలిపడి ఆసుపత్రి ఖర్చుకు 60 వేలు ఇచ్చాను. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఫోటోలు తీసి, నాతో సంతకం పెట్టించుకున్నారు. ఇప్పుడు 5 లక్షలు ఇమ్మని లాయర్ నోటీసు వచ్చింది. ఏడాది దాటింది కదా, చెల్లదంటున్నారు. చేంజోవర్ స్విచ్ బిగించి, పాత తేదీతో బిల్లు తెస్తానంటున్నాడు మా ఎలక్ట్రీషియన్. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీలు మీ మంచితనం గురించే. కేసు తేలేది మాత్రం మీటరు బోర్డు దగ్గర. మీ అబ్బాయి ఫ్యూజు పీకాడా లేదా అన్నది కూడా అసలు ప్రశ్న కాదు. లైను కరెంటూ జనరేటర్ కరెంటూ కలిసే అవకాశమే లేకుండా ఆ రోజు మీ ఇంట్లో ఏర్పాటు ఉందా? లేదు.

త్రీఫేజ్‌కి ఫ్యూజులు మూడు. ఒకటి పీకితే రెండు ఉంటాయి. సాకెట్ ఉన్న ఫేజు ఫ్యూజు అలాగే ఉంటే, జనరేటర్ కరెంటు మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా స్తంభం ఎక్కుతుంది. మూడూ పీకినా న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరు, లైన్‌తో కలిసే ఉంటుంది. అందుకే మెయిన్ స్విచ్ అన్నది సరఫరా మొదలయ్యే చోటికి వీలైనంత దగ్గరగా, చేతికి అందేలా, ఇంటిని లైన్ నుంచి పూర్తిగా విడదీసేలా ఉండాలని కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. జనరేటర్ ఉంటే ఆ మెయిన్ స్విచ్ తర్వాత చేంజోవర్ స్విచ్. పిడి ఒకవైపు వేస్తే రెండోవైపు దానంతటదే తెగిపోవాలి. త్రీఫేజ్‌కి న్యూట్రల్ కూడా మారే ఫోర్‌పోల్ రకం పెట్టించాలి. లైసెన్సు లేని వాడితో వైరింగ్ చేయించకూడదని కూడా నిబంధన ఉంది. మీ ఎలక్ట్రీషియన్‌కి లైసెన్సు ఉందో లేదో మీరు రాయలేదు. అడగలేదని నా అనుమానం. వేల రూపాయల జనరేటర్ కొని, స్విచ్ దగ్గర పిసినారితనం చూపించారు.

ఇక ఏడాది సంగతి. ఎవరు చెప్పారో గానీ, తప్పు. నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేసినందుకు భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. అలాంటి నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవడానికి గడువు మూడేళ్ళు. నష్టపరిహారం దావాకు కూడా నేను మూడేళ్ళే లెక్క వేసుకుంటాను. ఇది చాలదన్నట్టు, లైన్‌మన్‌కి పరిహారం కట్టిన యజమాని ఆ సొమ్మును ప్రమాదానికి కారకుడైన బయటి వ్యక్తి నుంచి రాబట్టుకోవచ్చని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ప్రమాదం నాటికి అమల్లో ఉన్నది ఆ చట్టమే. అంటే విద్యుత్ సంస్థ రేపు మీ గుమ్మంలోకి రావచ్చు.

పాత తేదీ బిల్లు జోలికి వెళ్ళారో, నా దగ్గరికి రాకండి. స్విచ్ మీద తయారైన నెల, సంవత్సరం ఉండొచ్చు. జీఎస్టీ బిల్లుల నంబర్లు వరుసలో ఉంటాయి, మధ్యలో దూర్చడానికి చోటుండదు. పైగా స్విచ్ లేని మీ బోర్డు ఫోటో ఇన్‌స్పెక్టర్ ఫైల్లో ఉంది. ఇప్పుడున్నది నిర్లక్ష్యం కేసు, రాజీకి వీలున్నది. దొంగ సాక్ష్యం సృష్టిస్తే ఏడేళ్ళ దాకా జైలు. బిల్లు ఇచ్చిన వాడు బోనెక్కగానే మీ పేరు చెప్పేస్తాడు.

స్విచ్ ఈ వారమే పెట్టించండి, బిల్లు మీద ఈ వారం తేదీతోనే. బిగించే ముందు బోర్డును, రెండు కొసలా ప్లగ్గులున్న ఆ వైరును ఫోటోలు తీసుకోండి. వైరు పారేయకండి, సంచిలో కట్టి దాచండి. చదవకుండా పెట్టిన సంతకం ఎలాగూ వెనక్కి రాదు. కనీసం ఇన్‌స్పెక్టర్ నివేదిక కాపీకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. అందులో నేను వెతికేది ఒక్కటే. లైన్‌మన్ లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపామని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి, తీసుకున్నాడా, తీగను ఎర్త్ చేశాడా, చేతికి గ్లౌజులున్నాయా? ఇవి లేకపోతే మీ బాధ్యత పోదు, మీరు కట్టాల్సిన మొత్తం తగ్గుతుంది. 5 లక్షల బేరం అక్కడే మొదలవుతుంది.

60 వేలకు రసీదు తీసుకోలేదని రాశారు. జాలి ఉంటే ఉండొచ్చు, కాగితం కూడా ఉండాలి. ఫోన్‌పేలో పంపి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. నగదైతే ఎవరి ఎదుట ఇచ్చారో రాసి పెట్టుకోండి.

నోటీసుకు గడువులోగా లాయర్ ద్వారా జవాబివ్వండి. అందులో "మా తప్పే" అనీ వద్దు, "స్విచ్ ఉంది" అనీ వద్దు. స్టాంపు కాగితం మీద లైన్‌మన్‌తో ఒప్పందం రాసుకుంటే సరిపోదు, అది అతని యజమానిని కట్టిపడేయదు. విజయవాడ కోర్టుల్లో న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్ళండి, విద్యుత్ సంస్థను కూడా పార్టీగా చేర్చండి. అక్కడి అవార్డు, అంటే రాజీ తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఇచ్చిన 60 వేలు మినహాయించి, 13వ సెక్షన్ కింద ఇక ఎవరూ ఏమీ అడగరని అవార్డులోనే రాయించండి.