యుద్ధ నవల రాస్తున్న యువ రచయితకు

ప్రియమైన మిత్రులకు,

మీ రాతప్రతి పూర్తిగా చదివాను. పోరాట ఘట్టాలు బాగానే వచ్చాయి, అయితే అవి చాలామందికి బాగానే వస్తాయి. యుద్ధం సమాజపు మనసును ఎలా కుంగదీస్తుందో చెప్పడమే మీ ఉద్దేశమైతే, సైనికుడు సెలవు మీద ఇంటికి వచ్చే అధ్యాయాన్ని రెండు పేజీల్లో ముగించేయడం నాకు నచ్చలేదు.

1929లో పుస్తకంగా వచ్చిన ఎరిక్ మరియా రిమార్క్ నవల ‘ఆల్ క్వయెట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్’లో ఆ సెలవు ఘట్టాన్ని మరోసారి చదవండి. సెలవు మీద ఇంటికి వచ్చిన కథానాయకుడు, సైనికుడు పాల్‌ను తండ్రి యుద్ధం కబుర్లు చెప్పమంటాడు. ఊళ్లోని పెద్దమనుషులు ఎటునుంచి దాడి చేస్తే గెలుస్తామో, యుద్ధరంగం నుంచి వచ్చిన అతనికే పాఠం చెబుతారు. కాలు తీసేశాక ఆస్పత్రి మంచం మీద కుమిలి కుమిలి చనిపోయిన స్నేహితుడి తల్లి, కొడుకు ఎలా పోయాడని నిలదీసినప్పుడు, క్షణంలో ప్రాణం పోయిందని పాల్ అబద్ధమాడతాడు. ఆమె నమ్మక ఒట్టు వేయమంటే, అది నిజం కాకపోతే తాను తిరిగి రాకూడదని ఒట్టు కూడా వేస్తాడు. ఇంటివాళ్లకు నిజం వినే శక్తి లేదు, వచ్చినవాడికి చెప్పే ఓపిక లేదు. మీరు పట్టుకోవలసిన ఒత్తిడి ఆ మధ్యలో ఉంది. (1933లో నాజీలు ఈ నవలను తగలబెట్టారంటే నాకు ఆశ్చర్యం కలగదు.)

మరొక మాట. మొదటి ప్రపంచయుద్ధ కాలపు మీ పాత్ర నోట నేటి మనోవైద్యపు పదాలు పలికించకండి. యుద్ధరంగంలో సైనికుడి మనసుకు తగిలే దెబ్బను సూచించే ‘షెల్ షాక్’ అనే మాట 1915లో వైద్య పత్రికకెక్కింది. ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలని బాధకు నేటి పేరైన ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అమెరికా మనోవైద్యుల అధికారిక జాబితాలో చేరింది 1980లో. పేరు లేని బాధను చుట్టూ ఉన్నవాళ్లు పిరికితనమనో, నటన అనో అనుకోవడం కథకు బలమే. వర్జీనియా వుల్ఫ్ 1925 నాటి నవల ‘మిసెస్ డాలవే’లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సెప్టిమస్‌కు ఏ జబ్బూ లేదని డాక్టరు కొట్టిపారేస్తుంటే, నలుగురూ చూస్తారేమోనని అతని భార్య పార్కులో సిగ్గుతో చితికిపోతుంది.

చప్పుడుకు ఉలిక్కిపడే సైనికుణ్ణి ఇప్పటికే ఎందరో రాశారు. అతను నిద్రపోతున్నప్పుడు గడియ చప్పుడు కాకుండా తలుపు వేయడం నేర్చుకున్న ఎనిమిదేళ్ల కూతురిని మీరు రాయండి. మొదటి మూడు అధ్యాయాలనూ ప్రస్తుతానికి పక్కన పెట్టి, సెలవు అధ్యాయాన్ని ఆ పిల్ల వైపు నుంచి తిరగరాసి పంపితే చదువుతాను.

ఆశీస్సులతో.