చుక్క తర్వాత ఉన్నది పన్నెండు కాదు

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరం, భౌతికశాస్త్రం చదువుతున్నాను. లైబ్రరీ కంప్యూటర్లో వెతికితే క్వాంటమ్ మెకానిక్స్ పుస్తకం ఉన్నట్టే చూపిస్తోంది. నంబరు 530.12. రాక్‌లో 530.9 దాకా చూశాను, దొరకలేదు. అడగాలంటే మొహమాటం. ఎలా వెతకాలి?
– ఓ విద్యార్థిని, తెనాలి

జవాబు: 9 తర్వాత 12 వస్తుందనుకుని మీరు చివర వెతికారు. పుస్తకం మొదట్లోనే ఉంటుంది. చుక్క తర్వాత అంకెలను ఒక్కొక్కటిగా చదవాలి: ఒకటి, రెండు. రూపాయి పన్నెండు పైసలు రూపాయి ఇరవై పైసల కంటే తక్కువే కదా, అలాగే 530.12 కూడా 530.2 కంటే ముందు వస్తుంది. రాక్‌లో వరస ఇలా ఉంటుంది: 530, 530.1, 530.12, 530.15, 530.2, 530.4.

ఇది పుస్తకాలను విషయాల వారీగా అమర్చడానికి అమెరికన్ లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ పద్ధతి. 530 భౌతికశాస్త్రం, అందులో 535 కాంతి, 537 విద్యుత్తు. మన తెలుగు సాహిత్యం 894.827. మీ సబ్జెక్టు నంబరు ఒకసారి తెలిస్తే, కంప్యూటర్ చూడకుండానే ఆ అర దగ్గర నిలబడి నాలుగు పుస్తకాలు తిరగేయొచ్చు. లైబ్రరీలో అసలు లాభం అదే.

పుస్తకం వెన్ను మీద నంబరు కింద మూడు అక్షరాలుంటాయి, సాధారణంగా రచయిత పేరువి. ఒకే నంబరున్న పుస్తకాలను ఆ అక్షరాల వరసలో పెడతారు. రెండూ రాసుకెళ్లండి. చాలామంది యాక్సెషన్ నంబరు రాసుకెళ్తారు. అది ఒక్కో ప్రతికి విడిగా వేసేది; రాక్ దగ్గర పనికిరాదు.

మన రచయితల పేర్లతో మరో చిక్కు. ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట ‘రావు’తో ఎక్కిస్తారు, ఇంగ్లిష్ స్పెల్లింగులూ మారతాయి. అందుకని శీర్షికలోంచి ఒకటి రెండు మాటలు కొట్టి వెతకండి.

అయినా దొరక్కపోతే పై అర, కింద అర, టేబుళ్లు చూడండి. ఎవరో చదివి తప్పుచోట పెట్టేసి ఉండొచ్చు. తప్పుచోట చేరిన పుస్తకం పోయినదానితో సమానం, కాబట్టి మీరు చదివినవి రాక్‌లో పెట్టకుండా టేబుల్ మీదే వదిలేయండి. అప్పటికీ లేకపోతే యాక్సెషన్ నంబరుతో లైబ్రేరియన్‌ను అడగండి. ఇక్కడ ఆ నంబరే కావాలి. ఆ ప్రతి బైండింగుకు వెళ్లిందో, రిఫరెన్స్ విభాగంలో ఉందో దానితోనే చూసి చెబుతారు. మొహమాటం వద్దమ్మా, వాళ్లున్నది అందుకే.